అమ్మకు రొమ్ము ఆపరేషన్ అయింది, చెకప్‌లకు నేనే వెంట వెళ్తున్నా. కొడుకు డాక్టర్ గదిలో ఉండొచ్చా?

హంద్రీ గట్టు (కర్నూలు):

అందరికీ నమస్కారం. మాది కోడుమూరు దగ్గర పల్లె, ఇప్పుడు కర్నూల్లో సి క్యాంపు వైపు ఉంటున్నాం. అమ్మకు 58 ఏళ్లు. ఎడమ రొమ్ములో గడ్డ తగిలితే బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేయించాం, క్యాన్సరని తేలింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి రొమ్ము మొత్తం, దాంతోపాటు చంకలోని నోడ్లు (చిన్న గ్రంథులు) కూడా తీసేశారు. ఇంటికి తెచ్చుకున్నాం, గాయంలోని నీరు బయటికి పోయే గొట్టం, డ్రెయిన్, ఇంకా ఉంది.

నా ఇబ్బంది ఏమిటంటే, మొన్న చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టర్ గారు "కట్టు విప్పి చూద్దామమ్మా" అనగానే అమ్మ నా వైపు చూసింది. నేను లేచి బయటికి వచ్చేశాను. మళ్లీ లోపలికి పోయేసరికి డాక్టర్ చీటీ రాసేశారు, చెప్పాల్సినవన్నీ అమ్మకే చెప్పేశారు, తర్వాతి పేషెంటును పిలుస్తున్నారు. ఏం చెప్పారమ్మా అంటే "బాగుందన్నాడు నాయనా, మళ్లీ రమ్మన్నాడు" అంటుంది. చేతికి ఏ వ్యాయామం చేయించాలి, డ్రెయిన్ ఎప్పుడు తీస్తారు, తీసిన గడ్డను పరీక్షించిన పెద్ద రిపోర్టు ఎప్పుడొస్తుంది, ఏదీ తెలియలేదు.

నాయనకు మోకాళ్ల నొప్పులు, ప్రయాణాలు చేయలేడు. చెల్లెలు బళ్లారిలో ఉంది, చంటిబిడ్డ తల్లి. ఇంట్లో కట్టు చూసేది, డ్రెయిన్ కొలిచేది నా భార్యే, కానీ ఆమె స్కూల్లో పనిచేస్తుంది, ప్రతిసారీ సెలవు దొరకదు. నేను గదిలో ఉంటే అమ్మకు సిగ్గు, లేకపోతే విషయం తెలియదు. ఇంకోటి, మా మేనత్త "ఆ జబ్బు పేరు మీ అమ్మ ముందర ఎత్తొద్దు" అని గట్టిగా చెప్తోంది. అమ్మకు "చెడ్డ గడ్డ, తీసేశారు" అని మాత్రమే చెప్పాం. వచ్చే వారం రిపోర్టు చూపించుకోవాలి. తల్లిని ఇట్లా తిప్పినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పెన్న ఒడ్డు పిల్ల (అనంతపురం):

అన్నా, మా అమ్మను బెంగళూరు కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికి నేనే తీసుకుపోయేదాన్ని. కూతురినే అయినా మొదట్లో నన్ను కూడా గాయం చూడనివ్వలేదు. కాబట్టి కొడుకునని మీరు అంత మథనపడొద్దు.

డాక్టర్ గదిలో జరిగేది రెండు పనులు, చూడటం ఒకటి, మాట్లాడటం ఒకటి. చూసేటప్పుడు మీరు తెర అవతల నిలబడండి. మాట్లాడేటప్పుడు అమ్మ పక్కన కుర్చీలో ఉండండి. ఈ సంగతి లోపలికి అడుగుపెట్టగానే చెప్పాలి. "సార్, మీరు చూసేటప్పుడు నేను పక్కకు పోతాను, చెప్పేది మాత్రం మా ఇద్దరికీ కలిపి చెప్పండి" అంటే చాలు. ఓపీ ఎంత రద్దీగా ఉన్నా కాదన్నవాళ్లను నేను చూడలేదు. రైకకు ముందు హుక్కులు ఉండేట్టు చూడండి, లేదంటే ముందు గుండీల నైటీ వేసి పైన చున్నీ కప్పండి. వెనక హుక్కుల రైకతో పోతే చెయ్యి ఎత్తలేక అక్కడ నానా అవస్థ పడతారు, అప్పుడు సిగ్గు ఇంకా పెరుగుతుంది.

ప్రశ్నలు ముందు రోజు రాత్రే రాసుకోండి. అయితే మీ మాటల్లో కాదు, అమ్మ ఎట్లా చెప్తే అట్లాగే రాయండి. ఒకసారి మా అమ్మ "చెయ్యి ఎత్తితే చంకలోనుంచి మోచేయి దాకా తాడు బిగిసినట్టుంది" అంది. అదే నోట్‌బుక్‌లో రాసుకుపోయి చదివాను. డాక్టర్ మేడమ్ వెంటనే అమ్మ చెయ్యి పక్కకు చాపి చూపించారు. చర్మం కింద నిజంగానే సన్నని తాడు లాగా తేలి కనబడింది. నోడ్లు తీసినవాళ్లలో కొందరికి అట్లా వస్తుందట. ఫిజియోథెరపీకి పంపారు, కొన్ని వారాల్లో వదులైంది. నేను "చెయ్యి నొప్పి" అని రాసి ఉంటే నొప్పి మాత్రతో సరిపెట్టేవాళ్లేమో.

కడప సిస్టర్ (కడప):

సర్జికల్ వార్డులో పనిచేస్తున్నాను. ఆపరేషన్ తర్వాత వచ్చే వాళ్లను రోజూ చూస్తాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఏమనుకోవద్దు.

డ్రెయిన్ రోజూ ఒకే టైముకి కొలిచి తేదీ, ఎన్ని ఎంఎల్, ఏ రంగు అని కాగితం మీద రాయమనండి మీ భార్యను. మొదట ఎర్రగా ఉండి తర్వాత లేత పసుపుకు తిరగాలి. 24 గంటల్లో 30 ఎంఎల్ లోపు, అదీ వరుసగా రెండు రోజులు వస్తే మామూలుగా తీసేస్తారు, తుది మాట మీ సర్జన్‌దే. ఆ కాగితం లేకుండా పోతే ఆయన మిమ్మల్ని అడుగుతారు, మీరు అమ్మను అడుగుతారు, అమ్మ "రొంత తగ్గింది సార్" అంటుంది. తగ్గిన డ్రెయిన్ మళ్లీ ఎర్రగా నిండినా, చెడు వాసన వచ్చినా, జ్వరం తగిలినా చెకప్ తేదీ దాకా ఆగొద్దు. తీసేశాక కూడా కొందరికి ఆ చోట నీరు చేరి ఉబ్బుతుంది. భయపడాల్సిందేం కాదు, సిరంజితో లాగేస్తారు, కానీ చూపించాలి.

ఇక ఎడమ చెయ్యి. నోడ్లు తీశారు కాబట్టి బీపీ, రక్తం, సెలైన్ అన్నీ కుడి చేతికే. ఫైలు అట్ట మీద మార్కర్‌తో పెద్ద అక్షరాల్లో "ఎడమ చెయ్యి వద్దు" అని రాయండి. అంతకంటే ముఖ్యం, ఆ మాట అమ్మతోనే చెప్పించడం అలవాటు చేయండి. ఎందుకంటే ల్యాబ్ అబ్బాయి చెయ్యి చాపమనే టైముకి మీరు బిల్లు కౌంటర్ దగ్గర క్యూలో ఉంటారు. ఆ చేతికి బిగుతు గాజులు తీసేయండి, నీళ్ల బిందెలు ఎత్తనివ్వకండి. కత్తిపీట తెగడం, పెనం కాలడం జరగకుండా చూడండి. చెయ్యి ఎర్రబడి వేడిగా ఉబ్బి జ్వరం వస్తే అదే రోజు చూపించాలి. అట్లాగని చెయ్యి కదపకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చోబెడితే భుజం బిగుసుకుపోతుంది. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించడం లాంటివి ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్‌ను అడగండి.

రిపోర్టు రోజు అడగాల్సింది: గడ్డ సైజు ఎంత, గ్రేడ్ (ఎంత చురుగ్గా పెరిగే రకమో) ఎంత, తీసిన ముక్క అంచులు జబ్బు లేకుండా శుభ్రంగా ఉన్నాయా, ఎన్ని నోడ్లు తీస్తే ఎన్నింట్లో జబ్బు ఉంది. తర్వాత ఈఆర్, పీఆర్ (గడ్డకు హార్మోన్లతో సంబంధం ఉందో లేదో చెప్పేవి), హెర్2 (గడ్డ కణాల మీద ఉండే ఒక ప్రొటీన్). మొదటి రెండూ పాజిటివ్ అయితే హార్మోన్ మాత్రలు పనిచేస్తాయి. హెర్2 3 ప్లస్ అయితే దానికి వేరే ఇంజెక్షన్ ఉంది. 2 ప్లస్ అని వస్తే అటూ ఇటూ కానట్టు, ఫిష్ అనే ఇంకో టెస్టు చేయాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, ఆ టెస్టు ఎవరూ పంపరు, నెల గడిచిపోతుంది. మీరు అడిగి పంపించండి. స్లైడ్లు, బ్లాకులు (పరీక్ష కోసం దాచిన గడ్డ ముక్కలు) ఎక్కడున్నాయో కూడా రాసి పెట్టుకోండి, ఇంకో డాక్టర్‌కు చూపించాలంటే అవే కావాలి.

తుంగభద్ర (రాజోలి దగ్గర, కర్నూల్లో ఉంటాను):

తమ్ముడూ, నాది వేరే అభిప్రాయం. మా అమ్మకు గర్భసంచి క్యాన్సర్. మేం అన్నదమ్ములం నలుగురం మాట్లాడుకుని పేరు చెప్పలేదు. పుండు అన్నాం, కడుపులో మందు పెడుతున్నారన్నాం. ఆమె భయస్తురాలు. పేరు తెలిసి ఉంటే తిండి మానేసేది. మీ అత్త పెద్దమనిషి, మీ అమ్మ స్వభావం ఆమెకు తెలిసి ఉంటుంది. ఆమె మాట తీసేయొద్దు. డాక్టర్‌తో ముందే విడిగా మాట్లాడి అమ్మ ముందు అనొద్దని చెప్పుకోండి.

పసుపు కొమ్ము (ప్రొద్దుటూరు):

నాయనా, నేను నీ తల్లి వైపు నుంచి చెప్తున్నాను. నాకు ఇదే ఆపరేషన్ అయింది, కుడివైపు. ఇప్పుడు రోజుకొక లెట్రోజోల్ అనే హార్మోన్ మాత్ర వేసుకుంటున్నా, మంచిగానే ఉన్నా.

మా ఇంట్లోనూ పేరు చెప్పలేదు. నేను ఏడో తరగతి చదివినదాన్ని. ఆసుపత్రి గేటు మీద, గోడల మీద, మందుల చీటీ మీద రాసి ఉంటే చదవలేనా? నా పక్క మంచంలో ఆమెకు జుట్టు లేదు, ఆమెకేం జబ్బో ఆమె చెప్పింది, నాకూ అదే సీసా ఎక్కిస్తున్నారు. తెలియనట్టు ఉండింది నా పిల్లల కోసం. వాళ్లు నా కోసం దాస్తున్నారు, నేను వాళ్ల కోసం దాస్తున్నా. దానివల్ల ఏమైందంటే డాక్టర్‌ను నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేకపోయాను. మళ్లీ వస్తుందా, నా కూతురికి వస్తుందా, ఎన్నాళ్లు మందులు, ఇవన్నీ అడగాలంటే నాకు జబ్బు పేరు తెలిసినట్టు ఒప్పుకోవాలి కదా. రాత్రిళ్లు పైకప్పు చూస్తూ పడుకునేదాన్ని. తుంగభద్ర గారూ, మీ అమ్మగారి సంగతి నాకు తెలియదు, నా సంగతి చెప్తున్నాను.

ఇంకో మాట. డాక్టర్ నన్ను "నొప్పి ఎట్లుందమ్మా" అని అడిగితే నా కొడుకు "తగ్గింది సార్" అనేవాడు. వాడికి నా మీద ప్రాణం. కానీ నొప్పి నాది. అమ్మ తడుముకున్నా, ఆలస్యం చేసినా ఆమెనే చెప్పనివ్వు. ఆమె మర్చిపోయింది ఉంటే చివర్లో నువ్వు అందుకో.

కొడుకు ముందర అడగలేనివి కొన్ని ఉంటాయి. విరేచనం సంగతి, భర్తతో పడక సంగతి, రైక లోపల ఏం పెట్టుకోవాలనే సంగతి. నేను పాత చీర గుడ్డ మడిచి పెట్టుకునేదాన్ని, అది నడిస్తే పైకి జరిగేది, నలుగురిలో కొంగు సర్దుకుంటూనే ఉండేదాన్ని. ఒకరోజు డ్రెస్సింగ్ చేసే సిస్టర్ నన్ను ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని, గాయం మానాక పెట్టుకునే సిలికాన్‌వి ఉంటాయని, బరువు రెండువైపులా సమంగా లేకపోతే మెడ, నడుము లాగుతుందని చెప్పింది. మా వీధి టైలర్ రైక లోపల సంచీ కుట్టి ఇచ్చింది. నీ తల్లికి కూడా ప్రతిసారీ సిస్టర్‌తో ఐదు నిమిషాలు విడిగా ఇప్పించు. ఆ ఐదు నిమిషాలూ నువ్వు మందుల షాపు దగ్గరికి పో.

తుంగభద్ర:

అక్కా, మీరు చెప్పింది కాదనను. మనిషిని బట్టి ఉంటుందని మాత్రమే నా మాట. మా అమ్మ అడగలేదు, మేం చెప్పలేదు.

కడప సిస్టర్:

అడిగితే మాత్రం అబద్ధం చెప్పొద్దు, నేను అంతే అంటాను. మంచి దారి ఏంటంటే ముందు అమ్మనే అడగండి, "నీకేం జబ్బని అనుకుంటున్నావమ్మా, ఎంతవరకు చెప్పమంటావు" అని. కొందరు అన్నీ చెప్పమంటారు, కొందరు "మీరే చూసుకోండి, నాకు చెప్పొద్దు" అంటారు. రెండూ వాళ్ల ఇష్టమే. పైగా కీమో పెట్టేముందు అంగీకార పత్రం మీద సంతకం పెట్టేది ఆమె. ఏం పెడుతున్నారో తెలియకుండా వేలిముద్ర వేయించడం నాకు ఎప్పుడూ మనసొప్పదు.

హంద్రీ గట్టు:

అందరికీ రుణపడి ఉంటాను. నిన్న హైదరాబాద్ పోయి వచ్చాం.

ముందు రోజు రాత్రి నోట్‌బుక్ తీసుకుని అమ్మ దగ్గర కూర్చున్నాను. సిస్టర్ గారు చెప్పినట్టే అడిగాను. అమ్మ తాపీగా "క్యాన్సరే కదరా. బయాప్సీ రోజే తెలుసు. మీ నాయనకు మాత్రం చెప్పొద్దు, తట్టుకోలేడు" అంది. నాయనకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఆయన కూడా నాతో ఇదే మాట అన్నాడు. నాకు ఏడవాలో ఏం చేయాలో తెలియలేదు. ముగ్గురం ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నాం.

డాక్టర్‌తో పెన్న ఒడ్డు చెల్లెమ్మ చెప్పిన మాటే అన్నాను. ఆయన "మంచిది, అట్లా నిలబడు" అని తెర లాగారు. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి పావుగంట చెప్పారు. డ్రెయిన్ తీసేశారు. గడ్డ 3.2 సెంటీమీటర్లు, 16 నోడ్లలో 3 పాజిటివ్, అంచులు శుభ్రంగా ఉన్నాయి. ఈఆర్, పీఆర్ పాజిటివ్. హెర్2 సరిగ్గా 2 ప్లస్ వచ్చింది. ఫిష్ అడిగాను, పంపిస్తామన్నారు, బ్లాక్ అక్కడే ఉంది. ముందు కీమో, తర్వాత రేడియేషన్, ఆ తర్వాత మాత్రలు. కీమో 21 రోజులకొకసారి నాలుగు, అటుపైన వారానికొకటి పన్నెండు అన్నారు.

అమ్మ కూడా ఒక ప్రశ్న అడిగింది. "సార్, ఎడమ చేత్తో జొన్నరొట్టె తట్టుకోవచ్చా?" నేను రాసుకున్న వాటిలో అది లేదు. ఆయన లేచి వచ్చి అమ్మ చెయ్యి ఎంతవరకు లేస్తుందో చూసి, భుజం వదులయ్యాక నెమ్మదిగా మొదలుపెట్టమన్నారు, పెనం తగలకుండా చూసుకోమన్నారు. అమ్మ మొహం విప్పారింది. కీమోల గురించి విన్నప్పుడు లేని ఆసక్తితో ఆ జవాబు వింది.

ఇప్పుడు నాకు దిగులంతా ప్రయాణాల గురించి. మూడు వారాలకు ఒకసారి అంటే హైదరాబాద్ పోవచ్చు, వారం వారం ఎట్లా?

ఆదోని పత్తి (ఆదోని):

అన్నా, కీమో తప్పనిసరిగా ఆపరేషన్ చేసినచోటే పెట్టించుకోవాలని లేదు. ఏ మందు, ఎంత డోసు, ఎన్ని సార్లు అని డాక్టర్ రాసిచ్చిన కాగితం, రిపోర్టులన్నీ తీసుకుని మన కర్నూల్లోనే క్యాన్సర్ డాక్టర్‌ను కలవండి. పెద్దాసుపత్రి ఆవరణలో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, రేడియేషన్ అక్కడ కుదురుతుందేమో ఇప్పుడే కనుక్కోండి. రేడియేషన్ అంటే మనవైపు కరెంటు పెట్టడం అంటారే, అది వారానికి ఐదు రోజుల చొప్పున మూడు నుంచి ఐదు వారాలు రోజూ పోవాలి. 210 కిలోమీటర్లు రోజూ పోయి రావడం ఎవరివల్లా కాదు.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది, కీమోకు, రేడియేషన్‌కు వర్తిస్తుంది. ఏ ఆసుపత్రి నెట్‌వర్క్‌లో ఉందో 104కు ఫోన్ చేస్తే చెప్తారు. డబ్బు కట్టకముందే ఆసుపత్రిలోని ఆ పథకం డెస్క్ దగ్గరికి పోవాలి, కట్టేశాక తిరిగి రాదు.

రైలు సంగతి చాలామందికి తెలియదు. ఆసుపత్రి డాక్టర్ ఫారం నింపి సంతకం, సీలు వేసిస్తే క్యాన్సర్ పేషెంటుకు స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ టికెట్ పూర్తిగా ఉచితం, వెంట పోయే ఒకరికి 75 శాతం తగ్గింపు. కౌంటర్‌లో తీసుకోవాలి.

కారులో పోతే అమ్మను డ్రైవర్ వెనక సీట్లో కూర్చోబెట్టండి. ఎడమవైపు కూర్చుంటే బెల్టు సరిగ్గా ఎడమ భుజం మీదుగా, ఆపరేషన్ అయినచోట పడుతుంది. కుడివైపు కూర్చుంటే భుజం, చంక తప్పుతాయి. బెల్టుకూ ఒంటికీ మధ్య చిన్న దిండు పెట్టండి. స్పీడ్ బ్రేకర్ల దగ్గర దాని విలువ తెలుస్తుంది.

కడప సిస్టర్:

కీమోకు ముందు మూడు విషయాలు. ఎడమ చెయ్యి వాడకూడదు కాబట్టి మొత్తం భారం కుడి చేతి నరాల మీదే పడుతుంది, నాలుగైదు సార్లకే అవి గట్టిపడిపోతాయి. కుడివైపు ఛాతీ దగ్గర చర్మం కింద పెట్టే పోర్ట్ (మందు ఎక్కించే చిన్న పరికరం) గురించి ఇప్పుడే అడగండి. మొదటి మందు ఎర్రగా ఉంటుంది, గుండె మీద ప్రభావం చూపొచ్చు కాబట్టి ముందు ఎకో (గుండె స్కాన్) తీయిస్తారు. అది పెట్టాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, రక్తమని హడలిపోవద్దని అమ్మకు ముందే చెప్పండి. అన్నిటికంటే పెద్దది జ్వరం. ఇంట్లో థర్మామీటర్ పెట్టుకోండి. 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికే. పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. తెల్లకణాలు పడిపోయి ఉన్నప్పుడు ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది.

పెన్న ఒడ్డు పిల్ల:

బళ్లారిలో మీ చెల్లెలి గురించి కూడా డాక్టర్‌ను అడగండి అన్నా. బంధువుల్లో ఇంకెవరికైనా రొమ్ము, అండాశయం క్యాన్సర్ వచ్చిందేమో రాసుకుపోతే బీఆర్‌సీఏ జన్యు పరీక్ష అవసరమో కాదో వాళ్లు చెప్తారు. ఆ జన్యులోపం కొడుకులకూ వస్తుంది, వాళ్ల నుంచి పిల్లలకూ పోతుంది, అది ఆడవాళ్ల లెక్క మాత్రమే కాదు. చికిత్స అంతా అయ్యాక మొదటి మూడేళ్లు మూడు నుంచి ఆరు నెలలకొకసారి చెకప్, రెండో రొమ్ముకు ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే). ఏ బాధా లేకపోతే మాటిమాటికీ ఒళ్లంతా చూసే పెట్ స్కాన్ అక్కర్లేదని మా డాక్టర్ చెప్పారు.

పసుపు కొమ్ము:

నాయనా, కీమోకు పోయేరోజు అమ్మకు తినాలనిపించింది పెట్టు. నాకు ఉగ్గాణి ఒక్కటే సయించేది, బజ్జీ లేకుండా. నోరు పుండ్లు పడితే కారం ఆపేసి మెత్తని సంగటి, మజ్జిగ ఇవ్వండి. జుట్టు రెండు మూడు వారాల్లో రాలడం మొదలవుతుంది, ముందే పొట్టిగా కత్తిరించుకుంటుందేమో అడుగు. అడుగు అంతే, బలవంతం చేయొద్దు.

హంద్రీ గట్టు:

అడిగానమ్మా. చెల్లెలు వచ్చాక ఆమె చేత్తోనే కత్తిరించుకుంటానంది. ఆదివారం వస్తోంది. కర్నూల్లో డాక్టర్‌ను రేపు కలుస్తున్నాం, పోర్ట్, ఎకో, ఫిష్ మూడూ నోట్‌బుక్‌లో రాసి పెట్టాను. సిస్టర్ గారూ, పోర్ట్ పెట్టాక ఎన్ని రోజులకు కీమో మొదలుపెట్టొచ్చు?

కడప సిస్టర్:

ఎక్స్‌రేలో సరిగ్గా కూర్చుందని చూసుకున్నాక, అవసరమైతే అదే రోజు కూడా వాడతారు. కొందరు డాక్టర్లు గాయం కాస్త మానేదాకా ఆగుతారు. దానికంటే ముందు రొమ్ము ఆపరేషన్ గాయం మానాలి, డ్రెయిన్ తీసినచోట తడి ఆరిందో లేదో రేపు చూపించండి.